గూళ్లున్న చెరువు మీద డ్రోను



ఈ వేళ విత్తనాన్ని గురించి గాని, ఎరువును గురించి గాని చెప్పబోవడం లేదు. ఈ మధ్య మన పల్లెల్లో కుర్రవాళ్ల చేతికి వచ్చిన ఒక చిన్న యంత్రాన్ని గురించీ, మన చెరువుల్లోని చెట్ల మీద గూళ్లు కట్టుకునే పక్షులను గురించీ రెండు మాటలు మనవి చేయదలచాను. ఈ రెండింటికీ సేద్యానికీ ఏం సంబంధమయ్యా అని మీరు అడగవచ్చు. సంబంధం ఉన్నది. అది నాకు సిగ్గుపడవలసిన రీతిలో తెలిసివచ్చినది. కనుక ముందు ఆ సంగతే చెప్పుకుంటాను.

నేను పనిచేసే మండలం పులికాటు సరస్సుకు పడమరగా ఉన్నది. అక్కడ ఒక చెరువున్న ఊరు. పేరు చెప్పను, ఊరివాళ్ల తప్పు ఏమీ లేదు గనుక. సంక్రాంతి వెళ్లిన వారంలో ఆయకట్టు వరి పొట్ట మీద ఉన్నది. చివరి తూము కింద మడులకు నీరు సరిగా అందడం లేదని రైతులు చెప్పారు. ఆయకట్టు మొత్తం పైనుంచి ఒక్క బొమ్మ తీసి రైతుల సమావేశంలో చూపిస్తే, ఏ కాలువ ఎక్కడ పూడినదో అందరికీ ఒకేసారి తెలుస్తుంది గదా అనుకున్నాను. ఆ ఊళ్లో డిగ్రీ చదివే ఒక అబ్బాయి దగ్గర సరదాకు కొనుక్కున్న డ్రోను ఉన్నది. అరచేతిలో ఇమిడేటంత ఉంటుంది. బరువు 250 గ్రాములు కూడా లేదు. “రా తమ్ముడూ” అని పిలిచాను. సంతోషంగా వచ్చాడు.

గట్టు మీద నిలబడి ఎగరేశాం. చెరువు లోపలి చెట్ల మీద గూడబాతులూ, రెక్కల చివర గులాబి రంగుండే పెద్ద కొంగలూ గూళ్లు పెట్టుకుని ఉన్నాయి. మేము నిలబడ్డ చోటికీ ఆ చెట్లకూ ముప్ఫై నలభై అంగలకు మించి లేదు. డ్రోను ఆయకట్టు మీదకు పోయింది, కాలువలు తీసింది, పని అయిపోయింది. అక్కడితో ఊరుకుంటే ఇప్పుడు మీకు చెప్పడానికి ఏమీ ఉండేది కాదు.

“తమ్ముడూ, ఆ పక్షులు కూడా కాస్త పడితే బొమ్మ అందంగా ఉంటుంది. చెట్టు మీదుగా కొంచెం దించు” అన్నాను. అన్నది నేనే. ఆ అబ్బాయి ఒక్క క్షణం నా ముఖం చూశాడు. అధికారి చెప్పాడు గదా అని దించాడు.

నిలువుగా దిగినది సుమా. పది మీటర్లు దిగిందో లేదో, చెట్టు మొత్తం ఒక్కసారి లేచినది. రెండు మూడు వందల పక్షులు. వడగళ్ల వాన పడ్డట్టు రెక్కల చప్పుడు. బరువైన పక్షి కంగారులో లేచేటప్పుడు గూడు కదులుతుంది. రెండు మూడు గుడ్లు నీళ్లలో పడడం నా కళ్లతో చూశాను. కాకులు ఎక్కడ కాచుకుని ఉన్నాయో, అర నిమిషంలో వచ్చి వాలాయి. ఒక కాకి గుడ్డును ముక్కున కరుచుకుని మా తల మీదుగానే పోయింది. అబ్బాయి డ్రోనును గబగబా దించేశాడు. కాని అప్పటికే జరగవలసింది జరిగిపోయినది. పావు గంటకు చాలా పక్షులు తిరిగి వచ్చాయి. ఒక చివరి చెట్టు మీద కొన్ని గూళ్లకు మాత్రం పొద్దు గూకేదాకా తల్లులు రాలేదు.

కింది మడిలో కలుపు తీస్తున్న ఒక పెద్దమ్మ గట్టెక్కి వచ్చింది. “ఏందయ్యా, నువ్వు సదువుకున్నోడివి. పుట్టింటికి పురుటికొచ్చిన బిడ్డలయ్యా అయి. పురిటి గదిలోకి చెప్పులేసుకుని, పైగా ఆ తుమ్మెదనేసుకుని పోతారా ఎవరన్నా?” అన్నది. నేను జవాబు చెప్పలేదు. జవాబు లేదు గనుక.

ఆ ఊళ్లో అందరి మాటా అదే. పక్షులు వచ్చిన ఏడు వానలు బాగా పడతాయని వాళ్ల నమ్మకం. నమ్మకం సంగతి అట్లా ఉంచి, లెక్క సంగతి చూడండి. పక్షి రెట్టలో నత్రజనీ భాస్వరమూ రెండూ ఉన్నాయి. వందల పక్షులు సరస్సులో చేపలు తిని వచ్చి నెలల తరబడి మన చెరువు మీద కూర్చుంటే, ఎక్కడి సారమో మన నీళ్లలో కలుస్తున్నది. ఆ నీరు తూము గుండా మడిలోకి వస్తున్నది. రెట్ట మితిమీరితే చెట్టు కొమ్మలు ఎండుతాయి, అదీ నిజమే. కాని ఆ చెరువు కింది రైతెవరూ దాన్ని గురించి ఫిర్యాదు చేయగా నేను వినలేదు. దగ్గరలోని దొరవారిసత్రం మండలంలో నేలపట్టు ఉన్నది. 1976లో దాన్ని పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 459 హెక్టార్లు. గూడబాతులకు పేరుపడ్డ చోటు. అక్కడా చుట్టుపక్కల రైతులు ఈ రెట్ట కలిసిన నీటిని మెచ్చుకునే మాటలే చెబుతారు. శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర తేలినీలాపురంలోనూ, అటు చిలమత్తూరు దగ్గర వీరాపురంలోనూ ఇవి ఊళ్లోని చింతచెట్ల మీదనే, ఇళ్ల నడుమనే గూళ్లు పెడతాయి. అంటే మన పెరటి మీద ఎగిరే డ్రోను కూడా ఒక గూటి పక్కన ఎగిరినట్టే కావచ్చు.

నేను వ్యవసాయ డిప్లొమా చదువుకున్నవాణ్ణి, పక్షిశాస్త్రం చదివినవాణ్ణి కాను. ఆ రోజు తరువాత మాత్రం తెలిసినవాళ్లను అడిగి, దొరికినవి చదివి కొంత నేర్చుకున్నాను. అందులో ముఖ్యమైనవి మీకు చెబుతాను.

పక్షికి డ్రోను అంటే ఏమిటి? అది యంత్రమని దానికి తెలియదు. పైనుంచి తన మీదకు దిగేది ఏదైనా దాని కంటికి గద్దే. కోడిపిల్లల మీద గద్ద నీడ పడితే తల్లికోడి ఏం చేస్తుందో మీ వాకిట్లో మీరు చూడనిది కాదు. ఫ్రాన్సు దేశంలో దీన్ని పరీక్ష చేసి చూశారు. 2015లో ప్రచురించిన ఆ పరిశోధనలో బాతుల మీదకూ, ఫ్లెమింగోల మీదకూ, ఉల్లంకి జాతి నీటి పిట్టల మీదకూ ఒక చిన్న డ్రోనును 204 సార్లు పంపి చూశారు. మెల్లగా, పక్కవాటుగా పోయినప్పుడు చాలాసార్లు అవి కదలలేదు. నిలువుగా నెత్తి మీదకు దిగినప్పుడే ఎక్కువగా బెదిరాయి. డ్రోను రంగు తెలుపా నలుపా అన్నదానితో తేడా కనబడలేదు. పక్షులకు నూరు మీటర్లకు పైగా దూరంలోనే డ్రోనును లేపవలెనని వాళ్లు సలహా ఇచ్చారు. నేను ఏం చేశానో ఇప్పుడు పోల్చి చూసుకోండి. ముప్ఫై అంగల దూరంలో లేపించాను, నిలువుగా దింపించాను. చేయకూడనివి రెండూ ఒక్క పూటలోనే చేసిన ఘనత నాది.

అయితే పక్షి కదలకుండా కూర్చున్నది గనుక దానికి భయం లేదని అనుకోవడం పొరపాటు. అదే 2015లో అమెరికాలోని మిన్నెసోటాలో ఎలుగుబంట్లకు గుండె కొట్టుకోవడాన్ని లెక్కపెట్టే సాధనాలు అమర్చి, పైన డ్రోను ఎగరేసి చూశారు. ఎలుగులు చాలాసార్లు పారిపోలేదు, ఉన్నచోటనే ఉన్నాయి. గుండె వేగం మాత్రం విపరీతంగా పెరిగినది. పొదిగే తల్లి విషయంలోనూ ఇట్లాగే ఆలోచించవలెను. అది గుడ్లను విడిచిపోలేక కూర్చుంటుంది. మనం దాన్ని ధైర్యం అనుకుంటాం.

మరీ పెద్ద నష్టం జరిగిన సంగతి ఒకటి ఉన్నది. 2021 మే నెలలో కాలిఫోర్నియా తీరాన హంటింగ్టన్ బీచ్ దగ్గర బోల్సా చికా అనే రక్షిత ప్రాంతంలో ఎవరిదో డ్రోను గూళ్ల నడుమ కూలినది. నేల మీద గుడ్లు పెట్టే టెర్న్ అనే సముద్ర పక్షులు సుమారు మూడు వేలు ఆ చోటు విడిచి పోయాయి. పదిహేను వందలకు తక్కువ కాకుండా గుడ్లు ఇసుకలో ఉండిపోయాయి. ఒక్క యంత్రం, ఒక్కసారి పడడం. ఆ ఏటి సంతానం అక్కడ పోయినట్టే.

మన గూడబాతు మూడు నాలుగు గుడ్లు పెట్టి, నెల రోజులు పొదుగుతుంది. పిల్ల పుట్టినప్పుడు ఒంటి మీద ఈక ఉండదు. మిట్టమధ్యాహ్నం ఎండకు ఆ పిల్ల తట్టుకోలేదు. తల్లిగాని తండ్రిగాని రెక్కను గొడుగులాగా పట్టి నిలబడితేనే బతుకుతుంది. ఆ రెక్క పావుగంట సేపు తొలగినదంటే ఏమవుతుందో ఊహించుకోండి. కనుక అన్నిటికన్నా ముందు మాట: గూళ్లలో గుడ్లూ పిల్లలూ ఉన్న నెలల్లో ఆ చెట్ల మీద గాని, వాటి చుట్టూ గాని డ్రోను ఎగరేయనే వద్దు. ఎంత దూరమైతే మంచిది, ఎంత ఎత్తైతే మంచిది అని బేరమాడవద్దు. మా వైపు అయితే అక్టోబరు మొదలు మార్చి ఆఖరుదాకా, ఒక్కొక్క ఏడు ఏప్రిలుదాకా. మీ వైపు నెలలు వేరు కావచ్చు, ఊళ్లో పెద్దవాళ్లను అడిగితే తేదీతో సహా చెబుతారు. పక్షిని చూడాలని ముచ్చటైతే గట్టు మీద ఒక చెట్టు చాటున కూర్చుని బైనాక్యులరుతో చూడండి. డ్రోనులో కన్నా బాగా కనబడుతుంది.

గూళ్లు లేని చోట, లేని కాలంలో ఎగరేయాలంటే కొంచెం పద్ధతి ఉన్నది. డ్రోను లేపే ముందు పది నిమిషాలు ఊరికే నిలబడి ఆకాశమూ నేలా రెండూ చూడండి. ఆకాశం ఎందుకంటే, పొద్దెక్కి ఎండ కాగిన తరువాత గూడబాతులూ గద్దలూ వేడిగాలి మీద తేలుతూ చాలా ఎత్తున సుడులు తిరుగుతుంటాయి. గూడబాతు బరువు నాలుగైదు కిలోలు ఉంటుంది. మీ డ్రోను పావు కిలో. ఢీకొంటే డ్రోను ముక్కలవుతుంది. తిరిగే పంకా తగిలి పక్షి రెక్క తెగుతుంది. రెక్క తెగిన గూడబాతు ఇక సరస్సుదాకా పోలేదు. నేల ఎందుకంటే, తీతువు పిట్ట బీడు మీద, గులక రాళ్ల నడుమ గుడ్లు పెడుతుంది. గూడంటూ ఉండదు, గుడ్డు రాయి రంగులో కలిసిపోతుంది. బాగా చదునుగా ఉన్నదని మీరు డ్రోను పెట్టే చోటే దాని పురిటిల్లు కావచ్చు. అది తల మీద తిరుగుతూ అరుస్తున్నదంటే గుడ్లు మీ కాళ్ల దగ్గరే ఉన్నాయని అర్థం. వచ్చిన దారినే మెల్లగా వెనక్కి నడవండి.

పక్షుల గుంపు ఉన్న చోటికి నూరు మీటర్లు, అంటే మామూలు అంగలతో 130 అంగలు కొలుచుకుని, అంతకు ఇవతల లేపండి. ముందు ఎత్తుకు పోనిచ్చి ఆ తరువాత పక్కకు నడపండి. గుంపు మీదుగా పోవద్దు, పక్కవాటుగా పోండి. వేగం వద్దు, గిరికీలు అసలే వద్దు. ఒకసారి తీసిన బొమ్మ చాలు. బాగా రాలేదని మళ్లీ మళ్లీ పంపితే మొదటిసారి ఊరుకున్న పక్షి మూడోసారి లేస్తుంది. తెల్లవారుజామున మేతకు లేచే వేళా, సాయంత్రం గూటికి చేరే వేళా మానుకోండి. ఆ వేళల్లో ఆకాశం వాటిది.

అన్నిటికన్నా పనికివచ్చేది ఏమంటే, పక్కన ఒక మనిషిని పెట్టుకోవడం. డ్రోను నడిపేవాడి కళ్లు ఫోను మీదనే ఉంటాయి. పక్షుల మీద రెండో మనిషి కళ్లు ఉండవలెను. పక్షి ఎగిరిన తరువాత తెలుసుకోవడం అందరికీ వచ్చు. ఎగరబోయే ముందే అది చెబుతుంది. మేస్తున్నది మేత ఆపుతుంది. మెడ నిక్కించి ఒక వైపే చూస్తుంది. కూర్చున్నది లేచి నిలబడుతుంది. గుంపులో ఒకటి రెండు రెక్కలు విదిలిస్తాయి, అరుపు మారుతుంది. ఇందులో ఏది కనబడినా ఆ మనిషి “చాలు” అనాలి, నడిపేవాడు బొమ్మ సంగతి మరిచి వెనక్కి తీయాలి. బ్యాటరీ అడుగంటే దాకా కూడా ఉంచవద్దు. బ్యాటరీ అయిపోవస్తే కొన్ని డ్రోనులు వాటంతట అవే బయలుదేరిన చోటికి తిన్నగా వచ్చేస్తాయి. దారిలో చెట్టున్నదా, గూడున్నదా అని అన్నీ చూసుకోవు.

ఒక్కొక్కప్పుడు పక్షి పారిపోదు, తిరగబడుతుంది. మా మండలంలోనే ఒక మిరప చేను మీద గద్ద ఒకటి డ్రోను మీదకు రెండుసార్లు తన్నుకొచ్చింది. అట్లాంటప్పుడు కంగారుపడి కిందికి దించవద్దు, గద్దకు బలం పైనుంచి కిందికే. నిలువుగా పైకి తీయండి. అది అంత వేగంగా నిలువునా ఎక్కలేదు. అది విడిచిన తరువాత దూరంగా తీసుకుపోయి దించి, ఆ పూటకు పెట్టెలో పెట్టేయండి. అది దాని హద్దు. నెదర్లాండ్సు పోలీసులు ఈ గుణాన్నే వాడుకుందామని 2016లో గద్దలకు డ్రోనులను పట్టే తర్ఫీదు మొదలుపెట్టారు, మరుసటి ఏటికే మానుకున్నారు. గద్దను చెప్పుచేతల్లో పెట్టుకోవడం పోలీసులకు కూడా కుదరలేదన్నమాట.

జొన్న చేనులో చిలకలను తోలడానికి డ్రోను వాడవచ్చునా అని కొందరు రైతులు నన్ను అడిగారు. చేను మీద వాలిన గుంపును దూరం నుంచి లేపడం వేరు, గూటి మీదకు పోవడం వేరు. కాని నాలుగు రోజులకు చిలకలు దానికీ అలవాటు పడిపోతాయి. డబ్బా మోత కన్నా గొప్ప ఫలితం ఉంటుందని నేను చెప్పలేను.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. 2021 నాటి డ్రోను నిబంధనల ప్రకారం 250 గ్రాముల లోపు దానిని నానో అంటారు. దానికీ, వ్యాపారానికి కాకుండా సరదాకు ఎగరేసే రెండు కిలోల లోపు డ్రోనుకూ నడిపేవాడికి పైలట్ సర్టిఫికెట్టు అక్కరలేదు. డిజిటల్ స్కై మ్యాపులో ఆకుపచ్చ రంగున్న చోట 400 అడుగుల ఎత్తుదాకా ఎగరేయవచ్చు. ఎరుపు, పసుపు ఉన్నచోట అనుమతి కావాలి. మాకు శ్రీహరికోట దగ్గర గనుక మ్యాపు చూడకుండా ఎగరేసే పని పెట్టుకోం. ఇంతవరకు చాలామంది కుర్రవాళ్లకు తెలుసు. తెలియనిది రెండోది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అనే మాటకు ఇచ్చిన అర్థంలో, అడవి పక్షుల గుడ్లను పాడుచేయడమూ, గుడ్లనూ గూళ్లనూ కదిలించి ఇబ్బంది పెట్టడమూ కూడా చేరి ఉన్నాయి. తుపాకి పట్టనక్కర లేదు. ఆ మాట చదివిన రోజు నేను ఆ పుస్తకం మూసి చాలాసేపు ఊరుకున్నాను. రక్షిత కేంద్రాల లోపలైతే అటవీ శాఖ అనుమతి లేనిదే అసలు ఎగరేయరాదు. సర్టిఫికెట్టు అక్కరలేదన్నంత మాత్రాన ఎక్కడికైనా పోవచ్చునని కాదు.

ఆ చెరువు సంగతి ఏమైనదని మీరు అడగవచ్చు. మరుసటి ఏడు పక్షులు వచ్చాయి. కాని ఆ చివరి చెట్టు మీద గూళ్లు పడలేదు. అది నా డ్రోను వల్లనే అని నేను రుజువు చేయలేను. ఆ ఏడు వాన ఆలస్యమై చెరువు నిండడం కూడా ఆలస్యమైనది. కాదని కూడా చెప్పలేను. సమావేశానికి వెళ్లినప్పుడల్లా నా కళ్లు ముందు ఆ చెట్టు మీదకే పోతాయి.

ఆయకట్టు బొమ్మలు ఇప్పుడు కూడా తీస్తున్నాం, మానలేదు. పూడిన కాలువలు ఆ బొమ్మల వల్లనే బయటపడ్డాయి, చివరి తూముకు నీరందినది. కాని తీసేది మే నెలలో, కాలువ మరమ్మతులకు ముందు. పక్షులు ఉన్న నెలల్లో తప్పనిసరి అయితే చెరువుకు అవతల, మడుల చివరనుంచి లేపి, చెట్లవైపు రాకుండా మళ్లిస్తాం. ఆ అబ్బాయి డ్రోను పెట్టె మూత లోపల ఒక కాగితం అంటించుకున్నాడు. మొదటి గూడబాతు వచ్చిన తేదీ, చివరి పిల్ల ఎగిరిపోయిన తేదీ ఏటేటా అందులో రాసుకుంటాడు. నేను చెప్పలేదు, వాడే మొదలుపెట్టాడు.

మొన్న కార్తీకంలో ఆ పెద్దమ్మ గట్టు మీద ఎదురుపడింది. “ఆ తుమ్మెద ఏదయ్యా?” అని అడిగింది. అబ్బాయి “పెట్టెలో పెట్టేశా అవ్వా” అన్నాడు. “మంచిది. బిడ్డలు లేచిపోయినాక నా మడి కూడా ఒకసారి పైనుంచి తీసి చూపించు. మా మరిది గట్టు జరిపినాడని నాకు అనుమానం” అన్నది.